ఉంగరాల జుట్టుకు సాపు జడ

కొత్తగా జుట్టు పని నేర్చుకుంటున్న ఆడపిల్లలు నా దగ్గరికి వస్తే మొదట అడిగేది ఒకటే. "అవ్వా, మందులు లేని కాలంల ఉంగరాల జుట్టును సాపుగ ఎట్ల చేస్తుంటివి? ఏం రాస్తుంటివి?" అడిగేటప్పటికే వాళ్ళ చేతిలో కాగితం, కలం సిద్ధంగా ఉంటాయి. నేను చెప్పేది నాలుగు పేర్లు. కుంకుడుకాయ, అవిసె గింజలు, మందారాకు, ఆముదం. రాసుకోవడం అర నిమిషంలో అయిపోతుంది. వాళ్ళ ముఖాలు చిన్నబోతాయి. ఇంతేనా అన్నట్టు చూస్తారు.

వస్తువులు ఇంతే. మిగిలినదంతా చేతిలోనూ ఓపికలోనూ ఉంటుంది. అది చెప్పాలంటే కూర్చోవాలి. ఇప్పుడు కూర్చున్నాను.

భువనగిరిలో, ఆ తర్వాత కొత్తకోటలో నేను దువ్విన తలలన్నిటి గురించీ చెప్పను. నాకు పని నేర్పిన మనిషి గురించి, నా చేతిలో కాలిపోయిన ఒక జుట్టు గురించి, ఆ జుట్టు గల పిల్ల గురించి చెబుతాను. ఈ పనిలో నాకు తెలిసినదంతా ఆ ఇద్దరి దగ్గరే ఉంది.

అమీనాబీ

మాది మంగలి ఇల్లు. మా ఆయనకు భువనగిరి బజారులో ఒక కుర్చీ, ఒక అద్దం పట్టేంత దుకాణం ఉండేది. మా అత్త కాన్పులు చేసేది. కోడలినైన నాకూ ఆ పనే వస్తుందని అందరూ అనుకున్నారు. కానీ నెత్తురు చూస్తే నాకు కళ్ళు తిరిగేవి. ఆమె వెంట వెళ్ళిన రెండు కాన్పుల్లోనూ నన్ను లేపి కూర్చోబెట్టడానికి ఇంకో మనిషి కావలసి వచ్చింది. "దీనితోని కాదు" అని మా అత్త చేతులెత్తేసి, కోట కింది వీధిలో ఉండే అమీనాబీ దగ్గరికి తీసుకుపోయింది. అవి యాభైల మొదటి రోజులు. నాకు ఇరవై ఏళ్ళుంటాయి.

అమీనాబీ పెళ్ళికూతుళ్ళను తయారుచేసే మనిషి. ముసల్మానుల ఇళ్ళలో నిఖా అయినా, మా ఇళ్ళలో లగ్గమైనా ఆమెకే కబురు పోయేది. మనిషి చువ్వలా ఉండేది. గొంతు మాత్రం వీధి చివరిదాకా వినపడేది. పెళ్ళివారు ఎంత గొప్పవాళ్ళైనా, "జర బయట కూసోండ్రి, గాలి ఆడనీయిండ్రి" అని గదిలోంచి పంపించేసేది.

మొదటి రోజు నన్నేమీ అడగలేదు. నా అరచేతులు తిప్పి చూసి, "గోర్లు తియ్యి. రేపు రా" అంది. అంతే, పనిలో చేరాను. వాళ్ళ భాషలో పిన్ని అన్నట్టు ఆమెను ఖాలా అని పిలిచేదాన్ని.

నెల రోజుల పాటు నాకు దువ్వెన ఇవ్వలేదు. నా పని అవిసె గింజలు ఉడకబెట్టడం. గుప్పెడు గింజలు నీళ్ళలో వేసి సన్నటి సెగ మీద కలుపుతూ ఉంటే, నీళ్ళు మెల్లగా గుడ్డులోని తెల్లసొన మాదిరిగా జిగురెక్కుతాయి. వేడిగా ఉన్నప్పుడే పల్చటి మల్లు గుడ్డలో పోసి పిండాలి. చల్లారితే గింజను వదలదు. వేడి మీద పిండితే చేతులు కాలతాయి. మొదటి వారం నేను చల్లారనిచ్చేదాన్ని. ఆమె గిన్నెలోకి చూసి, "ఇదేంది, గింజలకు దుప్పటి కప్పినవా?" అని మళ్ళీ మొదటినుంచి చేయించేది.

తర్వాత ఒక రోజు పెళ్ళికూతురి వెనక నన్ను కూర్చోబెట్టింది.

"కండ్లు మూసుకో. ఇప్పుడు జుట్టు పట్టి చూడు. ఏం చెప్తాంది?"

"జుట్టు ఏం చెప్తది ఖాలా?"

"ఏడ పొడిగున్నది, ఏడ తెగుతాంది, ఏడ నూనె తాగుతాంది, అన్ని చెప్తది. నువ్వే దువ్వెన పట్టి మాట్లాడుతుంటే అదేం చెప్తది?"

అప్పుడు నవ్వొచ్చింది. కానీ ఇప్పటికీ ఎవరి తలమీదైనా చేయి వేస్తే నా కళ్ళు వాటంతటవే మూసుకుంటాయి.

ఆమె పద్ధతి ఇది. కుంకుడు రసంతో తలంటి, గుడ్డతో రుద్దకుండా నీళ్ళు ఒత్తి తీయాలి. తడి జుట్టును వేలెడు వెడల్పు పాయలుగా విడదీయాలి. జిగురులో రెండు మూడు చుక్కల ఆముదం కలిపి, పాయకు కొనల దగ్గర మొదలుపెట్టి పైకి రాయాలి. వెడల్పు పళ్ళ కట్టె దువ్వెనతో అదీ కొనల నుంచే దువ్వాలి. పాయను సాగదీసి పట్టుకోవాలి గానీ మాడు లాగకూడదు. పాయలన్నీ సాపు అయ్యాక జుట్టునంతా తల చుట్టూ తలపాగాలా చుట్టి, పైన పాత మల్లు గుడ్డ బిగించి నీడలో కూర్చోబెట్టాలి. సగం ఆరాక విప్పి, రెండో వైపు నుంచి చుట్టాలి. పూర్తిగా ఆరేదాకా విప్పకూడదు. ఒత్తు జుట్టుకు పొద్దంతా పట్టేది. ఆరిన తర్వాత అది మూడు రోజులో నాలుగు రోజులో సాపుగా ఉండేది. నీళ్ళు తగిలితే మళ్ళీ ఎప్పటిలాగే ఉంగరాలు తిరిగేది.

దీనిలో మీకు ఉపయోగపడే మాటలు మూడు. జిగురు ఎక్కువ రాస్తే ఆరాక తెల్లటి పొట్టు రాలుతుంది, చుండ్రు అనుకుంటారు. ఆముదం ఎక్కువ పోస్తే మా ఊళ్ళ దుమ్మంతా తలమీదే ఉంటుంది. తక్కువతో మొదలుపెట్టండి. జిగురు రెండో రోజు దాటితే వాసన చూడకుండానే పారబోయండి.

పెళ్ళి అనగానే తల్లులు తొందరపడేవాళ్ళు. ఒక తల్లి ఎవరో చెప్పారని బట్టల సోడా నీళ్ళలో కలిపి కూతురి తలకు పట్టించింది. ఆ పిల్ల మాడంతా ఎర్రగా పొక్కింది. ఆ రోజు అమీనాబీ ఆ పిల్ల తలమీద చల్లటి నీళ్ళు పోస్తూ కూర్చుంది. బయటికి వచ్చాక నాతో అంది, "బట్టకైతే ఇంకో బట్ట దొరుకుతది యాదమ్మా."

ఇనుప దువ్వెన

మూడేళ్ళు గడిచేసరికి నాకు పని వచ్చిందనుకున్నాను. అదే సమయానికి భువనగిరికి బదిలీ మీద వచ్చిన ఒక ఆఫీసరు భార్య ఇంట్లో బొంబాయి నుంచి తెచ్చిన ఇనుప పటకారు చూశాను. బొగ్గుల మీద వేడిచేసి ఆమె తన ముంగురులను దాని మధ్య పెట్టి లాగింది. మాకు పొద్దంతా పట్టే పని రెండు నిమిషాల్లో అయిపోయింది.

ఇంటికి వస్తూనే కమ్మరి దగ్గరికి వెళ్ళి కట్టె పిడితో ఒక ఇనుప దువ్వెన చేయించుకున్నాను. మా ఆయన చూసి నవ్వాడు. అమీనాబీ నవ్వలేదు. చేతిలోకి తీసుకుని, పళ్ళమీద వేలు నడిపి, తిరిగి ఇచ్చేసింది.

"నేను ముసల్దాన్ని. కొత్తవి నాకు తెల్వవు. కాని ఇది చేతుల ఉంటే నీ కండ్లు మూసుకోనీకె రాదు. గది యాదికుంచుకో."

యాదికుంచుకోలేదు. ఆమె వేరే ఊరు పెళ్ళికి వెళ్ళినప్పుడు నేను ఒంటరిగా ఇళ్ళకు వెళ్ళి ఆ దువ్వెనతో పని చేయడం మొదలుపెట్టాను. ఐదారు తలలు బాగానే వచ్చాయి. ప్రతిసారీ ముందు నూలు గుడ్డ మీద దువ్వెన ఒత్తి, గుడ్డ పచ్చబడలేదని చూసుకునేదాన్ని. ఆడవాళ్ళు అద్దంలో చూసుకుని "అబ్బ, గంటలనే!" అంటుంటే నాకు ఒళ్ళు తెలిసేది కాదు. అమీనాబీ కంటే నా దగ్గరే పని తొందరగా అవుతుందని ఎవరో అన్నారు. నేను కాదనలేదు.

అలాంటి ఒక శనివారం పోచంపల్లి నుంచి ఒక నేతగాడు కూతురిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన పేరు మల్లయ్య. పిల్ల పేరు అండాలు. పదిహేడేళ్ళు. తల్లి చిన్నప్పుడే పోయింది. వాళ్ళ వీధిలో అంత చదువు చదివిన ఆడపిల్ల ఆమె ఒక్కతే. నల్లగొండలో టీచర్ ట్రైనింగుకు పిలుపు వచ్చింది. సోమవారం నాడు ఆఫీసర్ల ముందు నిలబడి మాట్లాడాలి.

నెత్తి మీది కొంగు తీసింది. అంత ఒత్తైన, అంత చిన్న ఉంగరాల జుట్టు నేను అప్పటిదాకా చూడలేదు. వేలు పెడితే వేలు కనిపించదు.

"మా పంతులు మంచోడే అక్కా" అంది అండాలు. "కాని గీ తల చూసి, 'దీనితోని పిల్లల ముందట నిలబడితే పాఠం ఎవడింటడే?' అన్నడు. నాకు ఆ మాట మనసులకెల్లి పోతలేదు. సోమవారం ఒక్కనాడు సాపుగ ఉంటే చాలు."

"అమీనాబీ లేదట గదా" అన్నాడు మల్లయ్య. "వచ్చేదాక కూసుంటం."

"ఎందుకన్నా కూసునుడు? నేను గంటల చేసిస్త" అన్నాను.

తలంటాను. అంత ఒత్తు జుట్టు లోపల ఆరడానికి ఎంతసేపు పడుతుందో ఆలోచించలేదు. పైన చేయి వేసి చూస్తే పొడిగా అనిపించింది. నూనె రాశాను. దువ్వెన బొగ్గుల్లోంచి తీశాను. గుడ్డ చేతికి అందేంత దూరంలోనే ఉంది. అందుకోలేదు.

చెవి పైన మొదటి పాయ పట్టి లాగాను. సుయ్‌మని శబ్దం వచ్చింది, పొగ లేచింది. పని అవుతోందనుకుని ఇంకొంచెం ఒత్తాను. దువ్వెన కిందికి రాగానే దానితోపాటే జుట్టు కూడా వచ్చేసింది. అరచేయంత జాగాలో కురచ మోళ్ళు మాత్రం మిగిలాయి. చెవి పై అంచు కమిలిపోయింది.

కాలిన జుట్టు వాసన ఎలా ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది. ఆ వాసన గదంతా నిండింది.

అండాలు మెల్లగా చెవి మీదికి చేయి పోనిచ్చింది. "ఎంత పాయె అక్కా?" అంది.

నా చేతిలోని దువ్వెన చూసి ఆమెకే అర్థమైంది. ఏడవలేదు. కొంగు కప్పుకుంది. మల్లయ్య గుమ్మం దగ్గర నిలబడి ఒకే మాట అన్నాడు.

"నమ్మి తెచ్చిన గదా చెల్లె."

వాళ్ళు బస్సుకు వెళ్ళిపోయారు.

సాయంత్రం అమీనాబీ తిరిగి వచ్చిందని తెలిసి వెళ్ళాను. ఏడుస్తూ అంతా చెప్పాను. ఆమె వక్కలు కత్తిరిస్తూ విన్నది.

"లోపట తడి ఆరిందా?"

"లేదు."

"గుడ్డ మీద చూసినవా?"

"చూడలే."

"ఎందుకు?"

"తొందరల ఖాలా."

"పిల్లకు తొందరనా, నీకా?"

పిల్ల వాళ్ళు ఎంతసేపైనా కూర్చుంటామనే అన్నారు. తొందర నాదే. అమీనాబీ వక్కల కత్తెర పక్కన పెట్టి, "పొద్దుగాల మొదటి బస్సుకు పోచంపల్లి పోదాం. గింజలు మూటగట్టు" అంది.

ఆ దువ్వెన మీద నాకు ఇప్పుడు కోపం లేదు. మీ దుకాణాల్లో కరెంటుతో వేడెక్కేవి వచ్చాయి, వేడి ఎంతో అంకెల్లో కనిపిస్తుంది. వాడండి. కానీ తడి జుట్టు మీద ఇనుము పెట్టకండి, మీ పేరు కోసం ఇంకొకరి తలమీద తొందరపడకండి. నేను చేసిన తప్పులో దువ్వెనది సగం కూడా లేదు.

పోచంపల్లిలో ఆదివారం

మేము వెళ్ళేసరికి మల్లయ్య వాకిట్లో నిలబడి ఉన్నాడు. నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. అమీనాబీని చూసి లోపలికి రమ్మన్నాడు. ఇంట్లో సగం జాగా మగ్గానిదే. అండాలు మగ్గం పక్కన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

అమీనాబీ ఆమె పక్కన కూర్చుని కొంగు తీసి చూసింది. చెవికి వెన్న రాసింది. తర్వాత అంది, "బిడ్డా, తప్పు మాది. కాలిన జాగాల జుట్టు మల్ల వస్తది. ఆర్నెల్లు పడ్తది. రేపటికి మాత్రం నడిమి పాపిట తీసేసి పక్క పాపిట తీస్తే ఆ జాగా కనపడకుండ జడ ఎయ్యొచ్చు. ఎయ్యమంటవా?"

అండాలు తల ఊపింది.

"అయితే ఎయ్యాల్సింది నేను కాదు. ఈమె. ఈమె చేయి మల్ల పెట్టనిస్తవా?"

నేను ఆ మాట ఊహించలేదు. అండాలూ ఊహించలేదు. నా చేతులకేసి చాలాసేపు చూసింది.

"పెట్టనిస్త" అంది చివరికి. "ఆ దువ్వెన తేలే గదా?"

"తేలే" అన్నాను.

ఆ రోజు నేను చేసినంత నెమ్మదిగా ఏ రోజూ పని చేయలేదు. పెరట్లో తలంటాను. అవిసె జిగురు చాలదనిపిస్తే వీధి చివర పూసిన మందార చెట్టు ఆకులు తెచ్చి, నీళ్ళలో నలిపి, ఆ జిగురూ కలిపాను. పాయలు విడదీస్తుంటే వేళ్ళు తిమ్మిరెక్కాయి. అమీనాబీ పక్కనే కూర్చుంది, ఒక్కసారి కూడా చేయి పెట్టలేదు. నేను మాడు లాగుతున్నప్పుడు మాత్రం "ఉఁ" అనేది.

బయట వీధి పొడవునా మల్లయ్య, ఇంకో ఇద్దరు కలిసి పడుగు పోగులు సాగదీసి గంజి పట్టిస్తున్నారు. వెడల్పాటి కుంచెతో ఆ చివరి నుంచి ఈ చివరికి దువ్వుతున్నారు. కొద్దిసేపటికి మల్లయ్య గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. నేను పాయకు జిగురు రాసి, సాగదీసి, దువ్వుతున్నాను. అది చూసి ఆయన మొదటిసారి నాతో మాట్లాడాడు.

"గిది మా పనే గదా చెల్లె."

"అవునన్నా."

"పోగుకు గంజి పెట్టి, ఆరేదాక గుంజి పట్టుకుంటం. జర ముందు ఇడిసినమనుకో, ముడుసుకపోతది. నిన్న గింత ఓపిక ఏడికి పాయె?"

"తప్పయింది అన్నా" అన్నాను. శనివారం నుంచి నోట్లో ఉన్న మాట అప్పుడు బయటికొచ్చింది. ఆయన మళ్ళీ వీధిలోకి వెళ్ళిపోయాడు. కానీ ఆ తర్వాత మాకు మజ్జిగ పంపించాడు.

గుడ్డ చుట్టిన తలతో అండాలు మధ్యాహ్నమంతా మగ్గం పక్కన కూర్చుని ఎక్కాలు, దేశాల పేర్లు వల్లెవేసింది. ఆడవాళ్ళు వచ్చి తొంగి చూసి పోయారు. ఒకామె "తలకాయకు దెబ్బ తగిలిందా?" అని అడిగితే అండాలే ముందు నవ్వింది.

పొద్దు వాలేముందు విప్పాము. భుజాల దాకా ఉందనుకున్న జుట్టు నడుము దాకా జారింది. ఉంగరాల జుట్టు తన పొడుగంతా లోపలే దాచుకుంటుంది, అది మీరు మరిచిపోకండి. పక్క పాపిట తీసి, పై పాయను చెవి మీదుగా తెచ్చి జడ వేశాను. కాలిన జాగా కనిపించలేదు.

మల్లయ్య లోపలికి వచ్చి కూతురి వెనక నిలబడి చూశాడు.

"మీ అమ్మకు గింతే పొడుగుండె బిడ్డా" అన్నాడు. కండువాతో ముఖం తుడుచుకుని మగ్గం దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు.

వాన

అమీనాబీ సాయంత్రం బస్సుకే భువనగిరి వెళ్ళిపోయింది. నేను వాళ్ళింట్లోనే ఉండి, తెల్లవారి అండాలు, మల్లయ్యలతో పాటు నల్లగొండ బస్సెక్కాను. ఎక్కేముందు ఆకాశం బాగానే ఉంది. చౌటుప్పల్ దాటగానే వాన మొదలైంది.

ఆ బస్సు కిటికీలకు అద్దాలు లేవు, టార్పాలిన్ తెరలు ఉండేవి. గాలికి అవి ఎగిరి కొడుతుంటే జల్లంతా లోపలికే. నేను నా కొంగు తీసి అండాలు తలమీద కప్పాను. మల్లయ్య తన కండువా కప్పాడు. మా ఇద్దరి గుడ్డలూ తడిసి ఆమె తలకే అంటుకున్నాయి. నల్లగొండలో దిగి, ఒక హోటలు గోడకున్న అద్దం ముందు నిలబడ్డాం. ముందు జుట్టంతా లేచి ఉంగరాలు తిరిగింది. జడ పై సగం ఉబ్బింది, కింది సగం సాపుగా వేలాడుతోంది.

నాకు ఏడుపు ఆగలేదు. జేబురుమాలుతో ఒత్తుతూ, వేళ్ళతో లాగుతూ ఉన్నాను. అండాలు నా చెయ్యి పట్టుకుంది.

"ఇడిసిపెట్టు అక్కా. నువ్వు నిన్న పొద్దంత కూసొని చేసినవు. వానకు నువ్వేం చేస్తవు?"

జడ విప్పి, జుట్టునంతా వెనక్కి తీసి ముడి వేసుకుని లోపలికి వెళ్ళింది.

లోపల జరిగింది ఆమె చెప్పగా విన్నదే. ముగ్గురు కూర్చున్నారు, అందులో ఒకామె కూడా ఉంది. చాలా ప్రశ్నలు అడిగారట. చివరికి ఒకాయన ఆమె తల చూసి, "పిల్లలు నీ జుట్టు చూసి నవ్వితే ఏం చేస్తావమ్మా?" అన్నాడట.

"నవ్వనిస్త సార్. నవ్వుడు అయినంక లెక్కలు చెప్త" అన్నదట ఈమె.

ఆ ఆడమనిషి పెద్దగా నవ్వి, కాగితం మీద ఏదో రాసుకుందట.

కొన్ని వారాలకు ట్రైనింగులో సీటు వచ్చినట్టు ఉత్తరం వచ్చింది. మల్లయ్య ఆ ఉత్తరం చేతపట్టుకుని మొదట అమీనాబీ ఇంటికి, తర్వాత మా ఇంటికి వచ్చాడు. తను నేసిన ఒక రుమాలు నా చేతిలో పెట్టాడు. నేను వద్దన్నాను.

"తీస్కో చెల్లె. ఆనాడు జర గట్టిగన్న" అన్నాడు.

ఆయన అన్నది ఒకే మాట. అందులో గట్టిదేమీ లేదు. అదే ఆయనకు చెప్పాను.

కొత్తకోటలో పెళ్ళిచూపులు

అరవైలు వచ్చేసరికి మేము కొత్తకోటకు మారాం. మా బావ అక్కడ బెంగుళూరు రోడ్డు మీద దుకాణం పెట్టి మా ఆయనను పిలిపించుకున్నాడు. అమీనాబీ నాకు తన కట్టె దువ్వెనల్లో ఒకటి ఇచ్చి పంపింది. కొత్తకోటలో నాకు నేనే పెద్దను. రెండేళ్ళకు అండాలు ఆ దగ్గరి బడికి టీచరుగా వచ్చింది, మా ఇంటి ముందు గదిలో కిరాయికి దిగింది. నాకు తోడబుట్టిన చెల్లెలు వచ్చినట్టే ఉండేది. ఆదివారాలు ఆమె తలకు మందారాకు జిగురు పెట్టేదాన్ని, సాపు చేయడానికి కాదు, చిక్కు పడకుండా. ఆమె నా పిల్లలకు చదువు చెప్పేది.

ఒకసారి పోచంపల్లి నుంచి ఆమె చిన్నమ్మ వచ్చింది. మహబూబ్‌నగర్ దవాఖానలో కాంపౌండరుగా ఉన్న ఒక పిల్లవాడి సంబంధం తెచ్చింది. తల్లీకొడుకులు మర్నాడు చూడడానికి వస్తారు. చిన్నమ్మ సంచీ దించకముందే నాతో అంది, "పొద్దుగాల్నే తల సాపు చెయ్యి. నడుము దాక జడ వస్తదట గదా."

"లగ్గానికి చేస్త. చూసిపోనీకె వచ్చినోళ్ళకు చెయ్య" అన్నాను.

"ఎందుకు? నీదేం పోతది?"

"నాదేం పోదు చిన్నమ్మా. నాలుగొద్దులకు తలంటుకుంటే మల్ల గిట్లనే అయితది. అప్పుడు వాళ్ళు 'మాకు చూపిచ్చింది ఒకటి, ఇచ్చింది ఒకటి' అంటే ఈ పిల్ల ఏం జవాబు చెప్పాలె?"

ఇది అమీనాబీ నాకు నేర్పిన కట్టుబాటు. లగ్గానికి చేయడం అలంకారం. పట్టుచీర లాంటిది. అది రోజూ కట్టరని అందరికీ తెలుసు. చూపులనాడు చేయడం అబద్ధం, దాన్ని మోయాల్సింది ఆ పిల్ల. ఈ మాట మీద నేను ఎన్ని ఇళ్ళు పోగొట్టుకున్నానో. పోతే పోయాయి.

చిన్నమ్మ కోపంతో అండాలు వైపు తిరిగింది. "నువ్వన్న చెప్పరాదే!"

అండాలు పిల్లల పలకలు సర్దుతోంది. "నేను బడికి పోయేటట్టే కూసుంట చిన్నమ్మా" అంది.

అలాగే కూర్చుంది. తలంటి, కొంచెం జిగురు రాసి, ఉంగరాలు వేటికవి కనిపించేలా ముడి వేశాను. పిల్లవాడు బిడియస్థుడు, తల ఎత్తలేదు. తల్లే మాట్లాడింది. బరువైన మనిషి, మోకాళ్ళ నొప్పులేమో మెల్లగా కూర్చుంది. కాసేపు చూసి, "దగ్గరికి రా బిడ్డా" అంది. అండాలు దగ్గరికి వెళ్ళింది. ఆమె ఆ జుట్టులోకి వేళ్ళు పోనిచ్చింది. చిన్నమ్మ నా వైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది.

"రోజు దువ్వుకోనీకె ఎంతసేపు పడ్తది?"

"అర్ధగంట పడ్తది."

"బడికి టైముకు పోతవా?"

"ఒక్కనాడు ఆలస్యం కాలే."

"అయితే ఇంకేంది" అంది ఆ తల్లి. కొడుకు వైపు తిరిగి, "తల ఎత్తి చూడురా, మల్ల తొవ్వల నన్నడుగుతవు" అంది.

గదిలో అందరం నవ్వాం. అప్పుడు ఆ పిల్లవాడు తల ఎత్తాడు, అండాలు దించుకుంది.

లగ్గానికి వారం ముందు అండాలు నా దగ్గర కూర్చుని, "అక్కా, నాకు సాపు జడ ఎయ్యి" అంది. ఎవరి కోసమని అడిగాను. "నా కోసమే. నల్లగొండల వాన నన్ను మంచిగ చూసుకోనియ్యలే. ఒక్కసారన్న నడుము దాక జడ ఏసుకొని తిరుగుత." లగ్గం ముందు రోజు పొద్దున మొదలుపెట్టి పొద్దు వాలేదాకా చేశాను. ఆ మూడు రోజులూ ఆమె నడుస్తూ నడుస్తూ ఆగి, చేయి వెనక్కి పెట్టి జడ చివర ఎక్కడుందో చూసుకునేది. మల్లయ్య పెళ్ళిలో పని ఏదీ చేయకుండా కూతురి వెనకే తిరిగాడు.

నాలుగో రోజు ఆమె తలంటుకుంది. మా పెరట్లో మెట్టు మీద కూర్చుని నీళ్ళు పిండుతుంటే, నేను గుంజకు ఆనుకుని చూస్తున్నాను. మొదట చెవుల దగ్గర, తర్వాత మెడ మీద, ఒక్కొక్క పాయే పైకి లేచి చుట్టుకుంటోంది. నేను పొద్దంతా కూర్చుని చేసిన పని నా కళ్ళ ముందే ఒక్కొక్కటిగా పోతోంది.

"పానం కష్టమైతలేదా అక్కా?" అంది అండాలు. "చేసిందంత పాయె."

నేను ఆలోచించాను. నిజంగా ఏమీ అనిపించలేదు.

"నువ్వు మూన్నాళ్ళు మంచిగ తిరిగినవా?" అన్నాను.

"తిరిగిన."

"అయితే తల వంచు, చిక్కు పడ్తది" అన్నాను. గిన్నెలో మందారాకు జిగురు కొంచెం మిగిలి ఉంది. కొనల దగ్గర మొదలుపెట్టి రాశాను.